వంటక్క సంతకం పెట్టిన ప్లైవుడ్

ఆ ఫ్యాక్టరీలో వంటగది లేదు. అయినా అక్కడ పనిచేసే ఒకామెను అందరూ వంటక్క అనే పిలిచేవారు. ఆమె పని చెక్క ఉడకబెట్టడం.

పల్చటి చెక్క పొరలను ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, వేడి ప్రెస్సులో నొక్కి ప్లైవుడ్ షీట్లు చేస్తారు. ఆ షీట్లు తడికి ఎంతవరకు ఆగుతాయో తేల్చేది వంటక్క. ప్రతి సరుకులోంచీ అరచేయంత ముక్కలు కోసి, మూతున్న స్టీలు గిన్నెలో మరిగే నీళ్లలో వేసి, మూడు రోజులు ఏకబిగిన ఉడికించేది. తీసి చల్లార్చాక ఉలి మొన పొరల మధ్య దూర్చి విడదీయడానికి చూసేది. చెక్క చీలినా జిగురు వదలకపోతే సరుకు పాసు. పొరకు పొర ఊడి వచ్చిందా, ఎన్ని వందల షీట్లున్నా వెనక్కే. పాసయిన సరుకుకు రిజిస్టరులో ఆమె సంతకం పడేది. ఆ సంతకం లేనిదే లారీ కదిలేది కాదు.

ఇరవై మూడేళ్ల వయసులో ఆమె అక్కడ ఊడ్చే పనికి చేరింది. అప్పటి పరీక్షల గదిలో ఉన్న పెద్దావిడ ఒకరోజు, "ఆ చీపురు అక్కడ పెట్టి ఈ కొలత చూడమ్మా, నా కళ్లు ఆనడం లేదు" అంది. వెంట్రుకవాసి తేడా కూడా చెప్పగలిగే చూపు ఈ పిల్లకుందని పెద్దావిడకు ఆ పూటే తెలిసిపోయింది. రెండేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆవిడ వెళ్లిపోయాక ఆ స్టూలు ఈమెదైంది. చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉండేది. చేతికి అందిన ప్రతి ముక్క మీదా సరుకు నెంబరూ తేదీ రాసేది. ఇంట్లో పంచదార డబ్బా మీద కూడా కొన్న తేదీ ఉండేదంటే ఇక చూసుకోండి.

ఆమె భర్త అదే ఫ్యాక్టరీలో జిగురు కలిపే మేస్త్రి. "నేను అతికిస్తాను, మా ఆవిడ విడదీస్తుంది. మా కాపురం ఇలాగే నడుస్తోంది" అని క్యాంటీన్లో అందరినీ నవ్వించేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాటకు ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

ఆమెకు నలభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా, ఒక గురువారం పొద్దున్న పరీక్షల గదిలో కొళాయి కింద తుడుస్తోంది. ఆ కొళాయి ఏడాదిగా కారుతూనే ఉంది. బాగుచేయించమని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఊరుకుంది. బకెట్టు కుదురుగా నిలవడానికి దాని కింద ఎప్పుడో ఒక ప్లైవుడ్ పేడు పెట్టింది. షీట్ల అంచులు సరిచేసేటప్పుడు రంపం దగ్గర పడే పేళ్లలో అదొకటి. తుడవడానికి బకెట్టు ఎత్తేసరికి పేడు దాని అడుక్కి అంటుకుని వచ్చింది, సగమే. మిగతా సగం నేలమీదే ఉండిపోయింది.

ఆమె కూలబడి చూసింది. పొరలన్నీ విచ్చుకుని ఉన్నాయి, తడిసి ఎండిన పుస్తకంలా. తిప్పి చూస్తే తన చేతిరాతే, పెన్సిలుతో నెంబరు, ఎనిమిది నెలల కిందటి తేదీ. ఆ నెంబరు నీటి రకం సరుకుది. ఎంత తడిలో నానినా ఏళ్ల తరబడి చెక్కుచెదరకూడనిది.

'పేడు మారిందేమో' అనుకుంది ముందు. తన రాత తను కాదనలేదు గదా. రిజిస్టరు తీసింది. ఆ నెంబరు ఎదురుగా ఆరు ముక్కలు, మూడు రోజుల ఉడుకు, ఒక్క పొర కూడా విడలేదు, కింద తన సంతకం.

నీటి రకానికి వాడే జిగురు ముదురు ఎరుపులో, ఇంచుమించు నల్లగా ఉంటుంది. మామూలు రకానిది పాలలా తెల్లన. మామూలు జిగురు పొడి గదుల్లో ఎన్నేళ్లయినా ఆగుతుంది, వెచ్చటి తడి తగిలితే మాత్రం మెల్లమెల్లగా పట్టు వదిలేస్తుంది. ఈ పేడులో జిగురు ఎర్రగానే ఉంది. ఆమె గోటితో కాస్త పెళ్లగించి గాజుగ్లాసులో వేడినీళ్లు పోసి అందులో వేసింది. క్షణంలో నీళ్లు ఎర్రబడ్డాయి. అడుగున మిగిలిన రేకు తెల్లగా కనబడింది.

తెల్ల జిగురుకు రంగు కలిపారు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. మిగిలిన సగం పేడును మరిగే నీళ్లలో వేసి గడియారం చూస్తూ నిలబడింది. మూడు రోజులు ఆగవలసిన చెక్క ఇరవై నిమిషాల్లో అట్టలు అట్టలుగా తేలింది.

మరి పాసయిన ఆ ఆరు ముక్కలు ఎక్కడివి? అది కూడా గుర్తొచ్చింది. షీట్ల దొంతరలో పైన, మధ్యన, అడుగున తనే ఎంచి తీసుకోవాలని నియమం. ఆ వారం ఆమెకు మోకాలు వాచి నడక కష్టంగా ఉండింది. ఫోర్‌మన్ మూడు షీట్లు గదికే పంపించి, "నువ్వు లేవకు వంటక్కా, నేనే తీయించాను" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది కూడా.

ఆమె స్టోర్ గుమాస్తా దగ్గరికి వెళ్లి, సరుకు బయటికి వెళ్లిన పుస్తకం తిప్పించింది. ఆ నెంబరువి మొత్తం నూట ఎనభై షీట్లు. అందులో నూట నలభై పట్టణ ఈతకొలనులో ప్రేక్షకుల గ్యాలరీకి వెళ్లాయి. మిగతావి చిల్లరగా అమ్ముడుపోయాయి.

ఈతకొలను. కప్పు వేసిన హాలు, ఏడాది పొడుగునా వేడినీళ్లు, గోడలు కూడా చెమట పట్టే ఆవిరి. మామూలు జిగురును చంపడానికి అంతకంటే మంచి చోటు ఎవరు వెతికినా దొరకదు. వంటక్క తమ్ముడి కూతురు ఈత నేర్చుకునేది అక్కడే. ఆమె వెంటనే మరదలికి ఫోను చేసింది.

"నువ్వు కొలను దగ్గర గ్యాలరీలో కూర్చుంటావు గదా, మెట్లు ఎలా ఉన్నాయి?"

"ఎలా ఉండటమేంటి వదినా? పైన నీలం రబ్బరు పట్టా వేశారు, శుభ్రంగా ఉంటాయి."

"అడుగేస్తే?"

మరదలు నవ్వింది. "మూడో వరుసలో కాస్త మెత్తగా ఉంటుంది. పిల్లలు దాని మీదెక్కి గెంతుతారు, పరుపు మీద గెంతినట్టు. ఆదివారం పోటీలున్నాయి, నువ్వూ రారాదూ? నాలుగు వందల మంది వస్తారట. ముందే వెళ్లకపోతే సీటు దొరకదు."

వంటక్క ఒక్కటే అడిగింది. "ఆ గ్యాలరీ కింద ఏముంది?"

"కిందా? ఈతగాళ్లు వరుసలో కూర్చునే చోటు. బెంచీలుంటాయి. పేరు పిలిచేదాకా పిల్లలంతా అక్కడే. ఏంటి వదినా, ఎందుకడుగుతున్నావు?"

*

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి భర్త వరండాలో కూర్చుని గోళ్ల సందుల్లో ఎండిన జిగురు గీక్కుంటున్నాడు. ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసి ఎదురుగా పెట్టింది. అందులో ఎర్రటి నీళ్లు.

"ఇదేంటో చెప్పండి."

అతను సీసా వంక చూశాడు. తలెత్తి ఆమె వంక చూడలేదు.

"రంగు" అన్నాడు.

"ఎవరు కలిపారు?"

"నేనే."

లోపల ప్రెషర్ కుక్కరు కూత పెట్టింది.

అతను నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ వారం నీటి రకం జిగురు డ్రమ్ములు రావడం ఆలస్యమైంది. ఉన్న జిగురు నలభై షీట్లకే సరిపోయింది. లారీ శనివారానికి బయల్దేరాలి. ఫోర్‌మన్ వచ్చి, మిగతా నూట నలభైకి మామూలు జిగురే పోసి రంగు కలపమన్నాడు. గోడ బీరువాలకే వెళ్తుంది, తడి తగిలే చోటు కాదు అన్నాడు.

"ఎక్కడి బీరువాలని అడగలేదా?"

"అడగలేదు."

"ఎందుకని?"

"అడిగితే చెప్పేస్తాడేమోనని" అన్నాడు అతను.

ఆమెకు ఒళ్లంతా మండిపోయింది. "నాకైనా చెప్పాలి గదా! పక్కనే పడుకుంటారు, ఎనిమిది నెలలు."

"చెప్తే నువ్వు ఆపేస్తావు. ఆపేస్తే నన్ను తీసేస్తారు."

"ఆ షీట్లు ఈతకొలను గ్యాలరీలో ఉన్నాయి. ఆదివారం వాటి మీద నాలుగు వందల మంది. కింద పిల్లలు. మన పిల్ల కూడా."

అతను జిగురు చేతులు ఒళ్లో దాచుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లి పొయ్యి కట్టేసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ భోజనం ఊసెత్తలేదు.

*

శుక్రవారం పొద్దున్నే ఆమె ఫోర్‌మన్ ముందు నిలబడింది. పేడు ముక్క, ఎర్రనీళ్ల సీసా బల్ల మీద పెట్టింది. అతను రెండింటినీ చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"కొళాయి కింద నెలల తరబడి నానిన పేడు తెచ్చి చూపిస్తే ఏం చెప్పమంటావు వంటక్కా? ఏ చెక్కైనా అంతే."

"నీటి రకం అంతే కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఉడకబెడుతున్నాను, నాకు చెప్తారా? ఆదివారం ఆ గ్యాలరీ మీద ఎవర్నీ ఎక్కనివ్వొద్దని కంపెనీ నుంచి ఒక్క ఫోను చేయండి. చాలు."

"పెద్దసారు ఊళ్లో లేరు, సోమవారం వస్తారు. అప్పుడు మాట్లాడదాం."

"సోమవారానికి ఏం మిగులుతుంది మాట్లాడటానికి?"

ఫోర్‌మన్ గొంతు తగ్గించాడు. "ఆ సరుకు పాసు చేసిందెవరు? సంతకం ఎవరిది? జిగురు కలిపిందెవరు? కాస్త ఆలోచించుకో. ఎవరింటి కప్పు ఊడుతుందో చూసుకుని మరీ లాగు." తలుపు దాకా వచ్చి, మామూలుగా అడిగినట్టు అన్నాడు, "అన్నట్టు, పాత రిజిస్టర్లన్నీ మధ్యాహ్నం నా గదికి పంపించు. భద్రంగా పెడతాను."

ఆమె పరీక్షల గదికి వచ్చి తలుపు వేసుకుంది. రిజిస్టరు ఆయన గదికి వెళ్తే మళ్లీ కనబడదు. అది తన తప్పును కూడా చూపించే పుస్తకమే. పోతే తన మెడ మీది కత్తి కూడా పోతుంది. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. ఆమె తర్వాత దాన్ని ఎవరి దగ్గరా దాచలేదు. ఆ క్షణం దాటాక రిజిస్టరును చీర కొంగుతో తుడిచి, సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుంది.

గేటు దగ్గర కాపలాదారు వెళ్లేవాళ్ల సంచులు చూస్తాడు. చెయ్యి పెట్టి, డబ్బా పక్కకు జరిపి, ఆగాడు.

"ఇదేంటక్కా?"

"పుస్తకం."

"ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటావా?"

"చదవడానికి కాదు. నేను రాసిందే."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఎప్పుడూ నవ్వుతూ వెళ్లే మనిషి. సంచి మూసి ఇచ్చేశాడు. "ఒంట్లో బాగోలేదని వెళ్లావని రాస్తాలే" అన్నాడు.

*

ఈతకొలను మేనేజరు లావుపాటి మనిషి, మెడలో విజిలు, చేతిలో ఆదివారం పోటీల జాబితా. వంటక్క చెప్పిందంతా విని, "రండి, మీరే చూడండి" అని గ్యాలరీ ఎక్కించాడు. నీలం పట్టా మెరుస్తోంది. అతను మొదటి వరుసలో కాలితో గట్టిగా తన్ని చూపించాడు. రాయిలా ఉంది.

"చూశారా?"

"కిందనుంచి చూడాలండీ" అంది ఆమె.

గ్యాలరీ కింద పొడుగాటి నడవ. రెండు వరుసల బెంచీలు, గోడకు తువ్వాళ్లు తగిలించే కొక్కేలు. ఆవిరికి ఊపిరాడటం లేదు. ఆమె బెంచీ ఎక్కి టార్చి వేసింది. ఇనుప చట్రం బాగానే ఉంది. దాని మీది షీట్ల అడుగుభాగం మాత్రం బొబ్బలెక్కింది, తెల్ల పెయింటు ఉబ్బి చుక్కలు చుక్కలుగా నీరు కారుతోంది. అంచులు ఒకటికి ఒకటిన్నర మందమయ్యాయి. ఆమె సన్నటి స్క్రూడ్రైవరు తీసి మూడో వరుస కింద గుచ్చింది. బలం పెట్టనే లేదు. పిడిదాకా దిగిపోయింది.

మేనేజరు మింగుడుపడనట్టు చూశాడు. కానీ తేరుకున్నాడు. "ఒక చోట అలా ఉండొచ్చమ్మా. పోయిన నెల కూడా మూడు వందల మంది కూర్చున్నారు. ఏమీ కాలేదు."

"పోయిన నెల కాలేదు."

"నాలుగు ఊళ్ల నుంచి పిల్లలు వస్తున్నారు. బస్సులు బయల్దేరే వేళకు ఆపమంటే ఎలా? మీ కంపెనీ కాగితం తెండి, ఈ నిమిషమే తాళం వేస్తాను."

"కంపెనీ ఇవ్వదు."

"కంపెనీ ఇవ్వదు, మునిసిపల్ ఇంజనీరు ఆఫీసుకి సోమవారం దాకా సెలవు. మీరొక్కరే వచ్చి చెప్తున్నారు, అదీ మీరే పాసు చేసిన సరుకని. మీకూ మీ కంపెనీకీ పడటం లేదేమో అని నేను అనుకుంటే తప్పా?"

రిజిస్టరు తెరిచి చూపిస్తే అందులో ఉన్నది 'పాసు' అనే మాటే. ఒక ముక్క కోసి తీసుకెళ్లి ఉడకబెడతానంది. పోటీల ముందు గ్యాలరీకి బెజ్జం పెడతారా అన్నాడు. ఆఖరికి ఆమె అంది, "అయితే బరువు పెట్టి చూడండి. ఆ మూడో వరుసలో రెండు ఇనుప దూలాల మధ్య ఒక గడిలో ఎనిమిది మంది కూర్చుంటారు. అంటే ఐదు వందల యాభై, ఆరు వందల కిలోలు. మూడు పెద్ద డ్రమ్ములు పెట్టి నీళ్లు నింపండి. ఆగితే నేను మీ కాళ్ల మీద పడి క్షమాపణ చెప్పుకుని వెళ్లిపోతాను."

"రేపు పొద్దున్న రండి. ఆలోచిస్తాను" అన్నాడు మేనేజరు. ఆ ఆలోచించడం ఎలాంటిదో ఆమెకు తెలుసు.

*

శనివారం పొద్దున్న ఆమె చెప్పులు వేసుకుంటుంటే భర్త గదిలోంచి వచ్చాడు. ఫ్యాక్టరీ చొక్కా వేసుకోలేదు.

"నేనూ వస్తాను" అన్నాడు.

గురువారం సాయంత్రం తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ మొదటి మాట అదే. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. దారి పొడుగునా అతను తన చేతులు చూసుకుంటూనే ఉన్నాడు.

కొలను దగ్గర పిల్లలు సాధన చేస్తున్నారు. మేనేజరు వీళ్లను చూడగానే విసుగ్గా చెయ్యి ఊపాడు. "అమ్మా, మీరు మళ్లీ..."

"జిగురు కలిపింది నేనండీ" అన్నాడు భర్త.

మేనేజరు ఆగిపోయాడు.

"నూట నలభై షీట్లకి నీటి జిగురు వేయలేదు. మామూలు జిగురులో రంగు పోసి ఇచ్చాను. నా చేత్తోనే. బీరువాలకని చెప్పారు. నేను నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నాను." అతను జేబులోంచి పెన్ను తీశాడు. "కాగితం కావాలంటే రాసిస్తాను. మా ఆవిడకి అప్పట్లో ఇదేం తెలీదు."

వంటక్క అతని వంక చూసింది. నమ్మలేదన్న మాట ఆమెతో కూడా అనలేదు.

మేనేజరు విజిలు ఊది పిల్లలందర్నీ కొలను అవతలి గట్టుకు పంపించేశాడు. గ్యాలరీ కింది నడవకు రెండు వైపులా తాళాలు వేయించాడు. క్లోరిన్ వచ్చే ఖాళీ డ్రమ్ములు మూడు పైకి చేరాయి. ఒక్కొక్కటి రెండు వందల లీటర్లు పడుతుంది. భర్త కొళాయి గొట్టం లాగాడు. వంటక్క మూడో వరుస అంచు వెంట ఒక దారం బిగించి కట్టింది, మెట్టు కుంగితే తెలియడానికి. అందరూ ఇనుప మెట్ల వైపు జరిగి నిలబడ్డారు. గొట్టం చివర మాత్రం ఒక వెదురుకు కట్టి దూరం నుంచే డ్రమ్ములోకి వదిలారు.

మొదటి డ్రమ్ము నిండింది. దారం కదల్లేదు.

రెండో డ్రమ్ము సగానికి వచ్చేసరికి ఎక్కడో కిర్రుమంది. నిండేసరికి దారానికీ మెట్టుకూ మధ్య వేలు దూరేంత సందు ఏర్పడింది. అవతలి గట్టున మరదలు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన తడి బట్టల్లో కూతురు.

మూడోదానిలో నీళ్లు పడుతున్నాయి. పావు భాగం. సగం. మేనేజరు నుదురు తుడుచుకుని, "నిలిచింది గదమ్మా" అన్నాడు. ఆ గొంతులో ఆశ ఉంది. వంటక్కకు కూడా ఒక్కసారి లోపల సందేహం కదిలింది. ఒకవేళ ఆగితే? ఇంత గోలా చేసి, మొగుడి నోటితో అంత మాట చెప్పించి, రేపు నాలుగు వందల మంది హాయిగా కూర్చుని చప్పట్లు కొడితే? ఆగితే బాగుండుననే అనిపించింది ఆమెకు.

సగం దాటిన కాసేపటికి బట్ట చిరిగినట్టు చిన్న చప్పుడైంది. అంతే. నీలం పట్టా లోపలికి గుంటపడింది, మూడు డ్రమ్ములూ ఒకదానివైపు ఒకటి వాలాయి, మరుక్షణం కనబడలేదు. కింద పిడుగు పడ్డట్టు మోత. నీళ్లు నడవలోంచి తలుపుల సందుల గుండా కొలను గట్టు మీదికి ఉరికి వచ్చాయి. పక్క గడి కూడా తనంతట తానే విరిగి జారింది.

ఆ తర్వాత హాల్లో వినబడింది కొలనులో నీళ్లు ఊగుతున్న చప్పుడు ఒక్కటే.

తాళం తీసి చూస్తే కింద రెండు బెంచీలు నుజ్జయ్యాయి. షీట్ల ముక్కలు పొరలు పొరలుగా విడిపోయి నీళ్లలో తేలుతున్నాయి. భర్త వంగి ఒక పొర చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద జిగురు చారలు తెల్లగా మారి ఉన్నాయి. అతను ఆ తడిలోనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వంటక్క అతన్ని ఓదార్చలేదు. కానీ పక్కనుంచి కదల్లేదు.

మేనేజరు చాలాసేపు ఆ బెంచీల వంకే చూశాడు. "ఆ చివరి బెంచీ మీద చిన్నపిల్లల జట్టు కూర్చుంటుందమ్మా" అన్నాడు.

*

ఆదివారం పోటీలు జరిగాయి. గ్యాలరీకి అడ్డంగా తాళ్లు కట్టి, జనాన్ని గోడల వెంట నిలబెట్టారు. మేనకోడలు ఐదోదిగా వచ్చింది. మూడు గంటలు నిలబడేసరికి కాళ్లు పడిపోయాయని మరదలు వారం రోజులు సణిగింది. సణిగినప్పుడల్లా, "అయినా వదినా, నిలబడటానికి కాళ్లున్నాయి గదా" అని తనే నవ్వేది.

సోమవారం పెద్దసారు వచ్చాడు. ఫోర్‌మన్ తప్పంతా జిగురు మేస్త్రి మీదికి తోశాడు. మేస్త్రి తన వంతు తప్పు ఒప్పుకున్నాడు, అలా కలపమని ఎవరు చెప్పారో కూడా చెప్పాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. వంటక్కను పిలిచి, లోపాన్ని కంపెనీయే ముందుగా కనిపెట్టిందని రాసివ్వమన్నారు. ఆమె కాగితం తీసుకుని, కొళాయి కింది పేడు దగ్గర్నుంచి అంతా వరసగా రాసింది. చివర, 'ఆ మూడు షీట్లు నేను ఎంచలేదు. ఎంచవలసింది నేనే' అని రాసి సంతకం పెట్టింది. నెల రోజులు ఇంట్లో కూర్చోమన్నారు. నెల తిరక్కుండానే కబురు చేశారు, ఎందుకంటే ఆ గదిలో ఆమెలా చూసేవాళ్లు దొరకలేదు.

ఇంట్లో పరిస్థితి అంత త్వరగా సర్దుకోలేదు. భర్త ఏడు నెలలు పని లేకుండా ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని తినడానికి మొహం చెల్లక వంటింట్లో నిలబడి తినేవాడు. ఒకరోజు ఆమె కంచం లాక్కుని, "మనిషిలా వచ్చి కూర్చోండి. నాకు కోపం పోలేదు. పోయేదాకా మీరు నిలబడే తింటే మోకాళ్లు నాకంటే ముందు మీకే అరుగుతాయి" అంది. తర్వాత అతను పార్సిలు పెట్టెలు చేసే చోట పనికి కుదిరాడు. ఆ ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు, పాత పని ఎందుకు పోయిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. ఆ సంగతి అతను ఇంట్లో చెప్పుకోలేదు. పెట్టెల యజమానే ఆమెకు చెప్పాడు.

మంచి జిగురు పోసినవీ రంగు కలిపినవీ గోదాములోనే కలిసిపోయాయి గనుక, చిల్లరగా అమ్ముడైన నలభై షీట్ల కోసం ఫ్యాక్టరీ తరఫున వెతుకులాట మొదలైంది. ఆమె బిల్లు పుస్తకాలు ముందేసుకుని, కొన్నవాళ్ల ఇళ్లకు స్వయంగా వెళ్లేది. చాలామంది బీరువాలు చేయించుకున్నారు. వాటికి భయం లేదు, వాడుకోమనేది. ఒక ఇంట్లో స్నానాలగది పైన వేడినీళ్ల ట్యాంకు మోస్తున్న అరగా అదే షీటు కనబడింది. స్క్రూడ్రైవరు గుచ్చి చూసి, వాళ్లచేత ఆ పూటే ట్యాంకు దించించింది. పేపర్లో ప్రకటన కూడా వేయించారు. ఏడాది తర్వాత కూడా ఒకతను ఫోను చేసి, మేడమెట్లకు వాడానన్నాడు. ఆమె సెలవు పెట్టి వెళ్లి పీకించి వచ్చింది.

నలభైలో ముప్ఫై ఒకటి దొరికాయి. మిగతా తొమ్మిదీ మంచి జిగురు పోసిన వాటిలోవో, కాదో ఎవరూ చెప్పలేరు. ఆమె ఆ నెంబరు, తొమ్మిది అనే అంకె పరీక్షల గది గోడమీద పెన్సిలుతో రాసి పెట్టుకుంది. ఇప్పుడు నమూనా షీట్లు ఎవరు మోసుకొచ్చినా గుమ్మం బయటే పెట్టించి, మోకాలి పట్టీ బిగించుకుని, దొంతరల దగ్గరికి తనే వెళ్తుంది.